నేల మీది పెంకులతో గీసిన మైసీనియన్ మ్యాపు నమ్మొచ్చా?

పెంకులపిచ్చి: మైసీనియన్లంటే మూడు వేల ఏళ్లకు పైబడిన కంచుయుగపు గ్రీసు జనం. గ్రీసు నైరుతి మూలన మెస్సీనియా, అందులో వాళ్ల పైలోస్ రాజ్యం. 1939లో అక్కడ ప్యాలెస్ బయటపడింది కానీ అది ఒక గుట్ట సంగతే. చుట్టుపక్కల ఊళ్లు ఎక్కడున్నాయో నడిచి కనిపెట్టాల్సి వచ్చింది. 1990ల్లో పైలోస్ సర్వే వాళ్లు 15 మీటర్ల ఎడంలో వరసగా నిలబడి, పొలాల్లో నడుస్తూ, కనిపించిన పాత కుండపెంకులన్నీ లెక్కపెట్టారు, పెంకులు గుమిగూడిన చోట ఊరుండేదని లెక్క. దాదాపు 40 చదరపు కిలోమీటర్లు! ఇంత ఓపికతో గీసిన మ్యాపును నమ్మొచ్చనే నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

గట్టుమీదోడు: నేను కాదంటాను. కైలిక్స్ అని పొడుగు కాడ ఉన్న గిన్నె ఉంటుంది, ద్రాక్షసారా తాగేది. నాగలి కింద గిన్నె నుగ్గయినా కాడ మిగులుతుంది. చేతిలోకి తీసుకోగానే మైసీనియన్ అని చెప్పేయొచ్చు. అదే వంటకుండ పెంకయితే ఏ కాలానిదో చెప్పడం కష్టం. అందుకే క్రీ.పూ. 13వ శతాబ్దం మ్యాపు నిండా చుక్కలే, ముందూ వెనకా ఖాళీ. తగ్గింది జనమా, కాడలా?

పెంకులపిచ్చి: మంచి పాయింటే, కానీ ఇక్కడ పూర్తిగా నిలవదు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో ప్యాలెస్ తగలబడ్డాక కూడా మెస్సీనియాలో కైలిక్స్‌లు చేశారు, కాడ మీద గీరలతో. అక్కడే నికోరియా అనే చోట తవ్వకంలో అవి దొరికాయి. అలాంటి కాడలు పొలాల్లో పెద్దగా కనబడలేదంటే జనం తగ్గినట్టే.

పాలమూరు_పిల్ల: మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా ఊళ్లో పాటిగడ్డ మన్ను బండ్లకెత్తి పొలాల్లో చల్లేవాళ్లు, ఎరువు కింద. మా తాత చెలకలో ఇప్పటికీ చిల్లపెంకులు కాళ్లకు తగులుతాయి. అక్కడ ఊరు ఎన్నడూ లేదు. గ్రీసులో ఇట్ల కాలేదా?

గట్టుమీదోడు: భలే పట్టుకున్నారండీ! గ్రీసు సర్వేల్లో పెద్ద గొడవే ఇది. పెంటతో పాటు పెంకులూ పొలానికి చేరాయని ఒక వర్గం, కాదని ఇంకో వర్గం. మైసీనియన్ కాలానికి మాత్రం తిరకాసు ఇంకోలా ఉంది. మధ్య గ్రీసులోని బియోషియాలో ఏళ్ల తరబడి నడిచిన పురావస్తు పరిశోధకులు బింట్లిఫ్, స్నాడ్‌గ్రాస్‌లు 1999లో ఏమన్నారంటే, పాత పెంకులు సరిగా కాలక మెత్తగా ఉంటాయి, దున్నేకొద్దీ మట్టిలో కలిసిపోతాయి, కాబట్టి నాలుగు పెంకులు దొరికినా ఒక ఇల్లు ఉందేమో చూడమని. దీని మీద చాలామంది మండిపడ్డారు. నాలుగు పెంకులకు ఇల్లు కట్టేస్తే మ్యాపంతా ఇళ్లే.

పోనీ అదీ వదిలేయండి, తిరిన్స్ అనే ఇంకో మైసీనియన్ కోట సంగతేంటి? కోట కింది ఊరి మీద వరద మీటర్ల కొద్దీ ఒండ్రు తెచ్చి పోసింది. పైన ఎన్నిసార్లు నడిచినా కింద ఏముందో తెలిసేది కాదు. మైసీనియన్లు ఆ వాగుకు ఆనకట్ట కట్టి పక్కకు మళ్లించారంటే దెబ్బ ఎంతో ఊహించుకోండి.

పెంకులపిచ్చి: సరే, ఖాళీల విషయంలో ఒప్పుకుంటా. నాకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పైలోస్ రాజ్యంలోనే ఇక్లైనా అనే చోట ముందు నడిచారు, తర్వాత తవ్వారు. 2010లో అక్కడ లీనియర్ బీ, అంటే మైసీనియన్లు లెక్కలు రాసుకున్న లిపి, ఉన్న మట్టిపలక ముక్క దొరికింది. అక్కడ ఊరుందని పెంకులు చెప్పాయి. లెక్కలు రాసేవాళ్లున్నారని మాత్రం చెప్పలేదు. అయినా ఎక్కడ తవ్వాలో చూపించింది నడకే కదా.

పాలమూరు_పిల్ల: పొలంలో పంట ఉంటే నేల కనబడదు కదా, అప్పుడెట్ల?

పెంకులపిచ్చి: నేల ఎంత కనబడుతోందో ప్రతి మడికీ రాసుకుంటారు. దున్నిన ఆలివ్ తోటయితే పండగే. ముళ్లపొదలుంటే లోపలికి దూరలేరు.

గట్టుమీదోడు: మరి మ్యాపులో ఆ ముళ్లపొదలకు ఏ రంగు వేస్తారు?