అప్‌డేట్: 20 బారల లోతులో ఎర అడుగుకి చేరింది

విశాఖ నుంచి బోటు మీద వెళ్లి 20 బారల లోతులో, అంటే దాదాపు 36 మీటర్లలో, సాఫ్ట్ ప్లాస్టిక్ ఎర (మెత్తటి కృత్రిమ ఎర) వేస్తే అడుగు తగలడం లేదని నెల కిందట అడిగాను. సమాధానం ఇచ్చిన అందరికీ దండాలు. మొన్న ఆదివారం మళ్లీ వెళ్లొచ్చాం.

తప్పు ఎరలో లేదు. 15 గ్రాముల జిగ్‌హెడ్ (తల దగ్గర బరువున్న గాలం) కట్టి, బోటు వచ్చిన వైపుకే విసురుతున్నా. బోటు జరిగేకొద్దీ దారం ఎరను పైకి లాగేస్తోంది. ఈసారి 40 గ్రాములు కట్టి, బోటు కొట్టుకుపోయే వైపు ముందుకి విసిరాను. మనం అక్కడికి చేరేలోగా ఎర దిగిపోతుంది. బ్రెయిడ్ (అల్లిక దారం) కూడా సన్నది మార్చాను. లావు దారాన్ని నీటి లాగుడు విల్లులా వంచేస్తుంది.

"దిగేటప్పుడే దారం మీద కన్నుంచు తమ్ముడూ" అని ఒక అన్న చెప్పారు. అదే నిజమైంది! అడుగు ఇంకా రాకముందే దారం ఠక్కున ఆగింది. లాగితే పార చేప, మూడు కిలోలకి తగ్గదు. ఆ తర్వాత ఏదో, కోనెం చేపే అనుకుంటా, రెండు ఎరల తోకలు కత్తిరించినట్టు కోసుకుపోయింది.

ఒక్కటే బాధ. చిన్న గ్రూపర్ చేపని వదిలితే, లోతు నుంచి పైకి లాగడంతో దాని ఒంట్లోని గాలితిత్తి ఉబ్బి, మునగలేక పైనే తేలింది. చూడలేకపోయాను. బరువు కట్టి లోతుకి దించి వదిలే క్లిప్పు మీలో ఎవరైనా వాడుతున్నారా? ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోగా ఇంకోసారి వెళ్లాలి, అది లేకుండా వెళ్లను.