బయోస్‌లో సెట్టింగ్ మార్చాక బ్లూ స్క్రీన్: కంపెనీ ఇచ్చిన విండోస్, ఆఫీస్ మళ్లీ వస్తాయా?

బీటీఎం_పీజీ:
అన్నలూ, కాస్త అర్జెంటు. 2022లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5 పదకొండో జనరేషన్, విండోస్ 11 హోమ్, ఆఫీస్ 2021 దానితోపాటే వచ్చాయి. పక్కన ఉబుంటు అనే లైనక్స్ ఓఎస్ కూడా వేసుకుందామంటే ఇన్‌స్టాలర్ ఆర్‌ఎస్‌టీ (ఇంటెల్ డిస్కు సెట్టింగ్) ఆఫ్ చేయమని మొండికేసింది, మా రూమ్మేట్ "ఇదెంత పని" అంటూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగ్స్) దూరి, ఆ ఆర్‌ఎస్‌టీకి సంబంధించిన వీఎమ్‌డీ ఆఫ్ చేశాడు, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ కూడా తీసేశాడు. అంతే, విండోస్ ఆన్ అవ్వడం లేదు. నీలం తెర, కింద "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్". బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో ఒక షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిస్తాం, ఆఫీస్ మాత్రం ఇక మర్చిపో అన్నాడు. సోమవారం ఇంటర్వ్యూ, ఫైళ్లన్నీ అందులోనే. ఫుల్ టెన్షన్.

స్క్రూడ్రైవర్:
ముందు ఆ షాపు వైపు వెళ్లకు తమ్ముడూ. నీ డిస్కుకీ ఫైళ్లకీ ఏం కాలేదు. విండోస్ ఇన్‌స్టాల్ అయినప్పుడు డిస్కు ఇంటెల్ వీఎమ్‌డీ కంట్రోలర్ వెనకాల ఉంది, ఆ డ్రైవర్‌తోనే బూట్ అవ్వడం దానికి అలవాటు. ఇప్పుడు దారి మార్చేస్తే తన డిస్కు తనకే కనపడక ఆగిపోతోంది. వీఎమ్‌డీ, సెక్యూర్ బూట్ రెండూ తిరిగి ఆన్ చేసి, ఎఫ్10తో సేవ్ చెయ్.

ఏ కంపెనీదో రాయలేదు. ఏసర్ అయితే చాలా మోడళ్లలో వీఎమ్‌డీ లైన్ మామూలుగా కనపడదు, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే బయటికొస్తుంది. ఏదీ దొరక్కపోతే డిఫాల్ట్ సెట్టింగ్స్ లోడ్ చేసినా చాలు.

ఇంకోటి, డిస్కుకి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని 48 అంకెల కీ అడగొచ్చు. కంగారుపడి రీసెట్ నొక్కకు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైసెస్‌లో చూడు, తెర మీద ఉన్న కీ ఐడీకి సరిపోయేదే కొట్టాలి.

హెల్ప్‌డెస్క్_పాతకాపు:
పై మాటే నాదీ. లైసెన్స్ సంగతి చెప్తాను, ఎందుకంటే షాపులో భయపెట్టేది అక్కడే. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌ల కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే రాసి ఉంటుంది, కాబట్టి నిజంగా ఫార్మాట్ అయినా మళ్లీ హోమ్ ఎడిషనే వేసి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. కొందరు ప్రో వేసి పైన క్రాక్ తగిలిస్తారు, దానికి ఈ కీ పనిచేయదు, తిప్పలు అప్పుడు మొదలవుతాయి. ఆఫీస్ 2021 అలా కాదు, మొదట ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేశారో దానికి అతుక్కుని ఉంటుంది. ఆ అకౌంట్‌తో లాగిన్ అయితే మళ్లీ దింపుకోవచ్చు.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో సహా అచ్చం కొన్ననాటిలా కావాలంటే డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ రికవరీ పెన్‌డ్రైవ్ చేసుకునే టూల్ ఇస్తాయి. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, 32 జీబీ పెన్‌డ్రైవ్ దగ్గర పెట్టుకుంటే చాలు, డౌన్‌లోడ్ మాత్రం చాలా పెద్దది, పీజీ వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు. అది పాత విండోస్‌ని తుడిచేసి కొత్తగా వేస్తుంది కాబట్టి డిస్కులో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకో.

లైనక్స్_లోకం:
ఉబుంటు వదిలేయక్కర్లేదు బ్రో, ఇంటర్వ్యూ అయ్యాక చూసుకో. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ బిట్‌లాకర్ తాళమే) ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగి, విండోస్ బూట్ సెట్టింగ్స్ టూల్ ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, అప్పుడు రీస్టార్ట్‌లో వీఎమ్‌డీ ఆఫ్ చెయ్. సేఫ్ మోడ్‌లో మామూలు డ్రైవర్ ఎక్కుతుంది, తర్వాత టిక్ తీసేయ్. ఈ వరస తప్పితేనే నీలం తెర. సెక్యూర్ బూట్ జోలికి అసలు వెళ్లనవసరం లేదు, ఉబుంటు దానితో కూడా బూట్ అవుతుంది.

బీటీఎం_పీజీ:
వచ్చింది అన్నా! కంట్రోల్ ఎస్ కొట్టగానే ఆ లైన్ కనపడింది. అనుకున్నట్టే కీ అడిగింది, నా అకౌంట్‌లో చూస్తే ఏమీ లేదు, గుండె ఆగినంత పనైంది. తర్వాత తట్టింది, కొన్నప్పుడు గుంటూరులో మా బావగారు సెటప్ చేశారు. ఫోన్ చేస్తే ఆయన అకౌంట్‌లో ఉంది, అంకెలన్నీ చదివి చెప్పారు పాపం.

హెల్ప్‌డెస్క్_పాతకాపు:
అయితే ఆఫీస్ కూడా ఆయన అకౌంట్‌కే ఎక్కి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని సర్వీసెస్ పేజీలో ఉందేమో చూడమను, ఆయన పాస్‌వర్డ్ మర్చిపోకముందే.