అన్నమయ్య కీర్తన మీద మాటల్లేని పీస్ చేస్తే తప్పా?

కీబోర్డ్ కిట్టు: నానాటి బతుకు పల్లవి పట్టుకుని ఇన్‌స్ట్రుమెంటల్ చేశా. చెల్లో, ప్యాడ్స్ (కీబోర్డ్ మీద వెనకాల సాగుతూ ఉండే మెత్తటి శబ్దాలు), చివర్లో ఫ్లూట్. సంప్రదాయ కీర్తన ఆధారంగా అని పెట్టా. యోగా క్లాసులో వేసేదిలా ఉందిరా అని ఇంట్లోనే తిట్లు. మీరేమంటారు?

గోదారి వీణ: తప్పే బాబూ. మాట తీసేస్తే సంకీర్తన ఎక్కడుంది, రేవతి రాగం మిగిలింది అంతే.

సన్నాయి సుబ్బు: మరి గుళ్లో నాదస్వరం వాళ్లు మాటలు పాడుతున్నారా అండీ? షేక్ చినమౌలానా గారు కీర్తన వాయిస్తే భక్తి లేదన్నారా ఎవరైనా? మీ వీణా మాట్లాడదుగా 😀

గోదారి వీణ: వీణ మీద సాహిత్యం తెలిసే మీటుతాం, ఏ అక్షరానికి మీటు పడాలో ఏ అక్షరాన్ని గమకంలో లాగాలో గురువుగారు కూర్చోబెట్టి చెప్తారు, ప్యాడ్ నొక్కిపట్టి కూర్చోవడం అదీ ఒకటేనా?

అతిథి: ముందు లింక్ పెట్టు తమ్ముడూ

కీబోర్డ్ కిట్టు: మేడమ్, తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం, పైన రాగం పేరు ఉన్నాయి, స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడాడో ఎవరికీ తెలీదు. ఇంక నేను చెడగొట్టిన ఒరిజినల్ ఏది?

గోదారి వీణ: ఒరిజినల్ లేదుగా, మరి నువ్వు వాడుకున్న వరస ఆకాశం నుంచి ఊడిపడిందా?? రేవతిలో ఆ పాటకి వరస కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన పేరు ఎక్కడ రాశావు? మా గురువుగారు కట్టిన వరస కూడా ఇలాగే ఒకళ్లు ఆల్బమ్‌లో సంప్రదాయం అని వేసుకున్నారు, పెద్దాయన పాత క్యాసెట్ పట్టుకుని అడగడానికి వెళ్తే అన్నమయ్య పాటే కదండీ ఇందులో మీదేముంది అని పంపేశారు.

కీబోర్డ్ కిట్టు: ఆ ముక్క ముందే అనొచ్చుగా, ఇందాకట్నుంచి మాట, మీటు అంటూ...

సన్నాయి సుబ్బు: పేరు రాస్తే అయిపోయె కదా

ప్లీడరు గారబ్బాయి: అయిపోదు. సాహిత్యం అందరిదీ, ట్యూన్ కాదు. మన చట్టంలో ట్యూన్ కట్టినవారు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. నేదునూరి గారు పోయింది 2014లో. అంటే 2074 దాకా అనుమతి అడగాల్సిందే.

కీబోర్డ్ కిట్టు: సరే, ఆ పల్లవి తీసేసి రేవతిలో సొంతంగా కడతా. అప్పుడు అన్నమయ్య స్ఫూర్తితో అని వేసుకోవచ్చా?

గోదారి వీణ: మాటా లేదు, వరసా లేదు, ఇంక అన్నమయ్య ఎందుకు నాయనా? నీ పేరు వేసుకో.

సన్నాయి సుబ్బు: హమ్మయ్య, మళ్లీ మొదటికొచ్చాం