ఫోన్ నంబర్ ఒకటే, పేషెంట్లు నలుగురు: హెల్త్ యాప్‌లో లాగిన్ ఎలా పెట్టాలి?

నల్లగొండ డెవ్:
అందరికీ నమస్తే. నేనూ నా ఫ్రెండూ ఇక్కడి ఒక చిన్న క్లినిక్ కోసం ఫ్లట్టర్‌లో యాప్ చేస్తున్నాం, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకే కోడ్. షుగర్, బీపీ రీడింగులు, మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు పేషెంట్ తన ఫోన్‌లోనే చూసుకోవాలని. లాగిన్‌కి గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ సర్వీసు పంపే ఓటీపీ పెట్టి, మొబైల్ నంబర్‌నే యూజర్ ఐడీగా వాడాను. మొన్న టెస్టింగ్‌లో చండూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ లాగిన్ అయితే వాళ్ల మామగారి రిపోర్టులు తెరుచుకున్నాయి, ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ క్లినిక్‌లో ఆమె భర్త నంబరే రాయించారు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకో సమస్య కూడా ఉంది. ల్యాప్‌టాప్ నుంచి ఎక్కిస్తే ఓటీపీ బాగానే వస్తోంది కానీ ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్ వెర్షన్‌లో మాత్రం బ్రౌజర్ తెరుచుకుని రోబో కాదని నిరూపించమంటోంది. లాగిన్ అయ్యాక మనిషిని గుర్తుపట్టడానికి మా సర్వర్ ఇచ్చే టోకెన్‌ని (ఒక రహస్య కోడ్) షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో, అంటే యాప్ సెట్టింగులు ఉండే చోట దాచాను, అది సరిపోతుందా?

పాలమూరు కోడర్:
బ్రౌజర్ సంగతి నాకూ ఎదురైంది, రెండు రోజులు తల పట్టుకున్నాను. ప్లే స్టోర్ మన యాప్‌ని వేరే కీతో మళ్లీ సైన్ (డిజిటల్ సంతకం) చేసి పంపుతుంది, అందుకే ఫైర్‌బేస్ దాన్ని గుర్తుపట్టదు. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీకి వెళ్లి అక్కడున్న షా-1, షా-256 (ఆ కీ వేలిముద్రల్లాంటివి) రెండూ ఫైర్‌బేస్‌లో చేర్చు. ఐఫోన్‌కైతే నోటిఫికేషన్లు పంపడానికి వాడే ఆపిల్ పుష్ కీని ఫైర్‌బేస్‌లో ఎక్కించాలి, లేకపోతే అక్కడా ఇదే కథ. టోకెన్ అలా దాచొద్దు తమ్ముడూ, అది మామూలు ఫైల్. ఫ్లట్టర్ సెక్యూర్ స్టోరేజ్ వాడితే ఫోన్‌లో రహస్యాలు దాచే ఏర్పాట్లు, అంటే ఐఫోన్‌లో కీచైన్, ఆండ్రాయిడ్‌లో కీస్టోర్ చూసుకుంటాయి. ఒక్కటి గుర్తుంచుకో, ఐఫోన్‌లో యాప్ తీసేసినా కీచైన్‌లోది పోదు. కాబట్టి ఇన్‌స్టాల్ చేశాక మొదటిసారి తెరిచినప్పుడు పాత టోకెన్ తుడిచెయ్యి, లేకపోతే ఆ ఫోన్‌లో మళ్లీ యాప్ ఎక్కించుకున్నవాళ్లకు పాత మనిషి అకౌంటే తెరుచుకోవచ్చు.

వనపర్తి బ్యాకెండ్:
అసలు తప్పు నంబర్‌ని మనిషి అనుకోవడంలో ఉంది. మన దగ్గర నంబర్ అంటే ఇల్లు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు అక్కడో సిమ్, ఇక్కడో సిమ్ మారుస్తారు, మూసేసిన నంబర్‌ని 90 రోజులయ్యాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. రేపు ఆ కొత్త మనిషి ఓటీపీ కొట్టి లోపలికి వస్తే మీ దగ్గర ఎవరి రిపోర్టు కనిపిస్తుంది? పేషెంట్‌కి క్లినిక్ సొంత ఐడీ ఇవ్వండి, రిపోర్టులన్నీ దానికే కట్టండి. నంబర్ ఇంటి తలుపు మాత్రమే. లోపల ఒక్కొక్కరికీ వేరే ప్రొఫైల్, దానికో పిన్. మొదటిసారి ప్రొఫైల్ కలపడానికి కౌంటర్ దగ్గర ఆ పేషెంట్‌కే ఒకసారి పనిచేసే కోడ్ చీటీ మీద రాసివ్వండి. ఫలానా రిపోర్టు అడుగుతున్న టోకెన్‌కి ఆ పేషెంట్ మీద హక్కు ఉందా అని సర్వర్ ప్రతిసారీ చూడాలి, యాప్‌లో బటన్ దాచేస్తే అయిపోదు.

ప్రభుత్వ హెల్త్ ఐడీ అయిన అభా నంబర్ అడగాలనుకుంటే అడగండి, 14 అంకెలుంటాయి, కానీ అది స్వచ్ఛందం, లేనివాళ్లను ఆపకండి.

దేవరకొండ ఏఎన్ఎం:
నాకు కోడింగ్ రాదు, ఇళ్లకు తిరిగేదాన్ని కాబట్టి చెప్తున్నా. తండాల్లో చాలాచోట్ల గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ ఉండదు, మెసేజ్ వచ్చేసరికి టైమ్ అయిపోతుంది, అందుకే ఒకసారి లాగిన్ అయినవాళ్లను రోజూ ఓటీపీ అడగకండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ముసలోళ్లకు మేమే పదిసార్లు చెప్పాం, బ్యాంకు మోసాలు విని ఇంకా భయపడుతున్నారు, కాబట్టి మెసేజ్‌లో క్లినిక్ పేరు తెలుగులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, గర్భం సంగతి, టీబీ సంగతి ఇంట్లో ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆ ఆడమనిషి ఇష్టం. భర్త ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తే అందులో టెస్ట్ పేరు కనపడనియ్యొద్దు. పిన్ మర్చిపోతే మళ్లీ అదే ఫోన్‌కి ఓటీపీ పంపితే ఏం లాభం? క్లినిక్‌కి వచ్చి మార్చుకోనివ్వండి.

వనపర్తి బ్యాకెండ్:
అక్క చెప్పిన పిన్ మాట నాకు తట్టలేదు, అదే సరైనది. మెసేజ్‌లో మాటలు మనమే రాసుకోవాలంటే ఫైర్‌బేస్‌ది కాకుండా సొంత ఎస్ఎంఎస్ పెట్టుకోవాలి, దానికి టెలికాం కంపెనీల డీఎల్‌టీ రిజిస్టర్‌లో పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందే రిజిస్టర్ చేయించాలి, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. అకౌంట్ తీసేసే వీలు యాప్‌లోనే ఉండాలని 2022 నుంచి ఆపిల్ నియమం. ఇంకోటి, ఆ మామగారికి జరిగింది చెప్పండి. సమాచారం బయటపడితే ఆ మనిషికి తెలపాలని 2023 డేటా రక్షణ చట్టం కూడా చెప్తోంది.

నల్లగొండ డెవ్:
థాంక్స్ అన్నా, అక్కా. టెస్టింగ్ ఆపేశాను, నంబర్‌తో కట్టిన రికార్డులన్నీ ఇవాళ రాత్రి విడదీస్తున్నాం. మామగారికి ఫోన్ చేద్దామంటే మా దగ్గరున్నది ఆ కొడుకు నంబరే. అందుకే వచ్చే వారం బీపీ చూపించుకోడానికి వచ్చినప్పుడు డాక్టర్ గారి ముందు నేనే చెప్తాను.