ఖాళీ అవుతున్న ఊళ్ల మీద సర్కారు డబ్బు పెట్టాలా, వద్దా?

గోరింక:
కొందరికి కోపం వస్తుందని తెలిసే అడుగుతున్నాను. జనం వదిలేసి పోతున్న పల్లెల్నీ చిన్న పట్టణాల్నీ మళ్లీ నిలబెడతామంటూ ప్రభుత్వాలు కోట్లు గుమ్మరిస్తూనే ఉన్నాయి. నిలబడ్డవెన్ని? జపాన్‌లో 1988-89లో, తకెషిత ప్రధానిగా ఉన్నప్పుడు, చిన్నా పెద్దా తేడా లేకుండా దాదాపు ప్రతి ఊరి పాలక సంస్థకూ పది కోట్ల యెన్లు చేతిలో పెట్టారు. ఎలా వాడుకుంటారో మీ ఇష్టం అన్నారు. అవాజీ దీవిలో త్సునా అనే పట్టణం ఏం చేసిందో చూడండి. ఆ సొమ్ము డిపాజిట్‌గా కట్టి దాదాపు 63 కిలోల బంగారు దిమ్మె తెచ్చి పెట్టుకుంది. ఎందుకంటే, వచ్చినవాళ్లు చేత్తో తడిమి చూసి పోవడానికి!

అందుకే నేననేది, ఊరికి కాదు, మనిషికి ఇవ్వండి. చదువుకుంటాడో, పని నేర్చుకుంటాడో, వేరే చోటికి ఇల్లు మారుస్తాడో వాడి ఇష్టం.

పాతబావి:
గోరింక గారూ, మనిషికిస్తే వెళ్లగలిగినవాడు వెళ్లిపోతాడు, నిజమే. వెళ్లలేనివాడి మాటేమిటి? డెబ్భై దాటిన ముసలావిడకి మీరు డబ్బు ఇచ్చారే అనుకోండి, ఆమె దాంతో బస్సు కొనుక్కుంటుందా, డాక్టర్ని కొనుక్కుంటుందా? కొన్ని పదిమందికీ కలిపి ఉంటేనే ఉంటాయి, లేకపోతే ఎవరికీ ఉండవు.

ఈ ఊళ్లవాళ్లు నోరు మూసుకుని కూర్చున్నారనుకోకండి. స్పెయిన్‌లో 2019 మార్చిలో ఖాళీ అవుతున్న జిల్లాల జనం మాడ్రిడ్‌లో భారీ ఊరేగింపు తీశారు. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో 'తెరువెల్ ఉంది' అనే అర్థం వచ్చే పేరున్న సంఘం పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు గెలిచింది. తెరువెల్ అంటే అలా ఖాళీ అవుతున్న ఒక జిల్లా. మేం కూడా ఉన్నామని చెప్పుకోవడానికి ఎన్నికల్లో నిలబడాల్సి వచ్చింది చూడండి.

ఇక డబ్బు ఇచ్చే పద్ధతి అంటారా, దక్షిణ కొరియాని చూడండి. 1970లో అక్కడ సిమెంటు అమ్ముడుపోకుండా మిగిలిపోయింది. ముప్పై మూడు వేల పైచిలుకు పల్లెలకు తలా 335 బస్తాలు పంచారు. షరతు ఒక్కటే, ఊరందరికీ పనికొచ్చేదానికే వాడాలి, సొంతింటికి వాడుకోకూడదు. కొన్ని ఊళ్లు దారి వెడల్పు చేసుకున్నాయి, వంతెన కట్టుకున్నాయి, బావి బాగు చేసుకున్నాయి. కొన్ని ఊళ్లు ఏమీ చేయలేదు. మరుసటి ఏడు బాగా చేసిన 16,600 ఊళ్లకే ఇంకో 500 బస్తాలు, టన్ను ఇనుము ఇచ్చారు. పక్క ఊరికి వచ్చింది, మనకి రాలేదు అన్న రోషంతో మిగిలినవీ లేచాయి.

గోరింక:
ఆ రోషం వెనక పార్క్ చుంగ్-హీ సైనిక పాలన ఉంది, అది మీరు చెప్పలేదు. అధికారులు తలమీద కూర్చుంటే ఎవరైనా రోడ్డు వేస్తారు. పైగా ఆ దారులు వెడల్పయ్యాక ఆ దారినే కుర్రాళ్లు సియోల్‌కి పోయారు. ఇవాళ కొరియా పల్లెల్లో వయసులో ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారు?

పాతబావి:
పాలన సంగతి ఒప్పుకుంటాను, దాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ పోయేవాళ్లు పోయినా, ఉన్నవాళ్లు ఉన్నన్నాళ్లూ బురదలో నడవలేదు కదా. ఊరు పెరిగితేనే ఖర్చు పెట్టినట్టా?

లెక్కల మాస్టారు:
ఇద్దరూ ఇచ్చే రోజు గురించే మాట్లాడుతున్నారు. నేను ఎన్నో ఏళ్లు స్థానిక సంస్థల పద్దులు రాశాను. నన్ను భయపెట్టేది ఇచ్చిన ఏడు కాదండి, నాలుగో ఏడు. భవనానికి డబ్బు పైనుంచి వస్తుంది. దానికి కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, కారే కప్పు మరమ్మతు మాత్రం ఊరి నెత్తిన పడతాయి. ఆ మూడూ ఏ పథకం కాగితంలోనూ ఉండవు.

యూబరి కథ తెలిసే ఉంటుంది. జపాన్‌లోని హొక్కైడో దీవిలో బొగ్గు పట్టణం. 1960లో లక్ష దాటిన జనాభా. గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, పర్యాటకులు వస్తారని థీమ్ పార్కూ, హోటలూ, స్కీయింగ్ కొండా పెట్టుకున్నారు. రావలసినంత మంది రాలేదు, అప్పు మాత్రం 3,500 కోట్ల యెన్లు దాటింది. 2007లో ఊరు దివాలా తీసినట్టు ప్రకటించారు. 171 పడకల ఆసుపత్రి 19 పడకల క్లినిక్ అయిపోయింది, లైబ్రరీ మూసేశారు. 2020 జనాభా లెక్కల్లో తేలింది ఏడు వేల చిల్లర.

పాతబావి:
మాస్టారూ, సగమే చెప్పారు. గనుల కంపెనీ పోతూ పోతూ కార్మికుల ఇళ్లూ ఆసుపత్రీ ఊరి మెడకు తగిలించి పోయింది. పార్కు పిచ్చి ఉంది, కాదనను. కానీ ఆ భారం మోయడానికి సాయం సరిగ్గా అందలేదు.

లెక్కల మాస్టారు:
సరే, అదీ రాసుకుందాం. అది కూడా నిర్వహణ ఖర్చే కదండీ. నా మాటకే బలం వచ్చింది.

మబ్బుతునక:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇటలీ వాళ్లు కోవిడ్ తర్వాతి యూరప్ సాయంలోంచి పాత పల్లెల కోసం వంద కోట్ల యూరోలు కేటాయించారు. అందులో 21 ఊళ్లను ఎంచి, ఒక్కోదానికి రెండేసి కోట్ల యూరోలు. పీడ్‌మాంట్ ప్రాంతం నుంచి ఎంపికైన ఎల్వా అనే కొండ ఊళ్లో వంద మంది కూడా లేరు! తలకి లెక్కేస్తే రెండు లక్షల యూరోలు దాటుతుంది. పంచేస్తే పోయేది కదా అని నాకూ అనిపించింది. కానీ పంచితే ఊరు ఆ రోజే ఖాళీ అవుతుందేమో. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

లెక్కల మాస్టారు:
వంద మంది ఊరికి రెండు కోట్ల యూరోల పని చేయించే గుమాస్తా ఉన్నాడా అని అడగండి ముందు. టెండరు పిలవాలి, బిల్లులు చూడాలి, గడువు తప్పితే సొమ్ము వెనక్కి పోతుందన్న టెన్షన్ ఒకటి. అలాంటప్పుడు ఏం చేస్తారంటే, ఊరికి కావలసింది వదిలేసి త్వరగా బిల్లు అయ్యేది కట్టేస్తారు.

పాతబావి:
అందుకే కేరళ దారి నాకు నచ్చుతుంది. 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలేశారు. ఏం కావాలో గ్రామసభలో తేల్చుకోవాలి. అదే మన 15వ ఆర్థిక సంఘం చూడండి, పల్లెల గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడేసింది. మంచి పనులే, కానీ నీళ్లకు లోటు లేని ఊరు ఏం చేయాలి?

గోరింక:
ముడి తీసేస్తే బంగారం దిమ్మె వస్తుంది, ముడేస్తే అవసరం లేని కుళాయి వస్తుంది. మీరే చెప్పండి మరి! సరే, ఒక మెట్టు దిగుతాను. నర్సు జీతం, బస్సు డీజిలు, బడికి టీచరు, వీటికి పదేళ్లు ఖాయంగా ఇస్తామంటే ఊరికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. భవనాలకు మాత్రం పైసా వద్దు.

లెక్కల మాస్టారు:
పదేళ్ల జీతానికి శిలాఫలకం ఉండదండి, ఎవరు ప్రకటిస్తారు?

అన్నట్టు ఆ బంగారం దిమ్మె సంగతి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పద్దులో రాస్తే అది ఖర్చు కాదు, డిపాజిట్. చూడ్డానికి జనం బారులు తీరారు. దానికి కప్పు కారదు, తుప్పు పట్టదు. 2010లో తిరిగి ఇచ్చేశారు, అంతే. అదే సొమ్ముతో మిగతా ఊళ్లు కట్టుకున్న హాళ్లకు ఇవాళ సున్నం ఎవరు వేయిస్తున్నారో ఒకసారి కనుక్కోండి.

గోరింక:
మాస్టారూ, నా ఉదాహరణతో నన్నే కొట్టారు!