అప్‌డేట్: కమ్యూనికేషన్స్‌లో పీజీ చేయాలా, ఉద్యోగంలో చేరాలా?

జర్నలిజం డిగ్రీ అయ్యాక పీజీలో చేరాలా, నేరుగా ఉద్యోగం చూసుకోవాలా అని ఇక్కడ అడిగాను. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ఉద్యోగంలోనే చేరాను. ఒక సంస్థలో ఇంటర్నల్ కమ్యూనికేషన్స్, అంటే ఉద్యోగులకు వెళ్లే సమాచారం చూసే పని.

ఇంటర్వ్యూలో నా మార్కుల గురించి పెద్దగా అడగలేదు. నేను రాసినవి చూశారు. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది: "ఇది పనిచేసిందని ఎలా తెలుసుకుంటావు?" మీలో ఒకరు బార్సిలోనా సూత్రాలు, అంటే పీఆర్ (ప్రజా సంబంధాలు) పని ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే మార్గదర్శకాలు, చదవమని చెప్పడం అక్కడే కలిసొచ్చింది. పత్రికలో వచ్చిన వార్తకు, అంతే జాగాలో ప్రకటన వేస్తే అయ్యే ఖర్చును విలువగా చూపించడం పీఆర్‌లో పాత అలవాటు. అది సరైన కొలత కాదని 2010లోనే ఆ సూత్రాలు తేల్చాయి. ఎంతమందికి చేరిందన్నది ఒక్కటే చాలదు, చదివినవాళ్ల అవగాహనలో, ప్రవర్తనలో ఏం మారిందో చూడాలి. డిగ్రీలో ఇది ఒక్క క్లాసులోనైనా చెప్పి ఉండాల్సింది.

ఏఐ గురించి నాకున్న టెన్షన్ పూర్తిగా పోలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మొదటి డ్రాఫ్టు నిమిషాల్లో తయారవుతోంది. కానీ అందులోని పేర్లు, అంకెలు సరిచూసేది, ఏది ఎప్పుడు చెప్పాలో నిర్ణయించేది మనుషులే. జూనియర్లకు కూడా ఆ బాధ్యత త్వరగానే వస్తోంది, నాకది నచ్చింది.

పీజీ ఆలోచన మానుకోలేదు. చేస్తే డేటా, పరిశోధనా పద్ధతులు గట్టిగా నేర్పే కోర్సే చేస్తాను. ప్రస్తుతానికి స్టాటిస్టిక్స్ బేసిక్స్ మొదలుపెట్టాను.