మెట్లెక్కించి మోసుకెళ్తే అది మానవ హక్కుల సభేనా? నల్గొండ వాలంటీర్ల మీద చర్చ

ఉదయసముద్రం గట్టు:
డిసెంబర్ 10న మన నల్గొండ వాలంటీర్లు పెట్టిన మానవ హక్కుల దినం సభకు నేనూ వెళ్లాను. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసిన రోజు అది. బ్యానర్ మీద ‘అందరికీ హక్కులు, అందరూ మనవాళ్లే’ అని రాశారు. సభ మాత్రం మొదటి అంతస్తులో పెట్టారు, లిఫ్టు లేదు. మూడు చక్రాల బండి మీద వచ్చిన ఒకాయనను నలుగురు కుర్రాళ్లు చేతుల మీద ఎత్తుకుని పైకి తెచ్చారు. ఆయన చెప్పు ఒకటి మధ్యలో మెట్ల మీద జారిపోయింది. ఎవరూ చూసుకోలేదు. నేనే తెచ్చి ఆయన కుర్చీ కింద పెట్టాను. సాయంత్రానికి ఆ మోసుకొచ్చే ఫొటో అందరి వాట్సాప్ స్టేటస్‌లలో ఉంది.

ఇరవై రెండు మెట్లు. అందరినీ కలుపుకుపోవాలని చెప్పే సభకు ఇరవై రెండు మెట్లు. వీళ్లకు చందాలు ఇవ్వాలా వద్దా? మీరందరూ ఏమంటారు?

క్లాక్‌టవర్ వాలంటీర్:
ఆ సభ పెట్టినవాళ్లలో నేనొకణ్ణి. మేం పదకొండు మందిమి. ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒకరు మెడికల్ షాపు, ఒకరు అంగన్‌వాడీ టీచర్ కూతురు, మిగతావాళ్లు చిన్న చిన్న ఉద్యోగాలు. ఆ హాలు ఉచితంగా ఇచ్చారు. కింద ఉన్న ఫంక్షన్ హాలుకు కిరాయి అడిగితే మా నెల చందాలన్నీ కలిపినా సగం కూడా రాలేదు.

ఏడాదిగా మేం చేస్తున్న పని ఎవరికీ కనబడలేదు, మెట్లు మాత్రం కనబడ్డాయి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చే ముసలివాళ్లకు బయట కూర్చుని దరఖాస్తులు రాసిస్తున్నాం. అంతకుముందు ఒక్కో కాగితానికి యాభై, వంద ఇచ్చి రాయించుకునేవాళ్లు. రసీదు నంబర్ జాగ్రత్తగా రాసి ఇస్తాం, మళ్లీ వచ్చినప్పుడు దాన్ని పట్టుకునే అడుగుతాం. ఒక ఆఫీసు ముందు ర్యాంపు పనికిరాదని కొలతలు తీసి అర్జీ పెట్టాం. ఇవన్నీ ఫొటోల కోసమా?

హైదరాబాద్ రోడ్డు:
ఇదంతా సర్కారు చేయాల్సిన పని. పిల్లలు గ్రూప్స్‌కు చదువుకుంటే మంచిది.

ఉదయసముద్రం గట్టు:
తమ్ముడూ, నేను అడిగింది ప్రజావాణి గురించి కాదు, మెట్ల గురించి. ఆఫీసు ముందు ర్యాంపు బాగాలేదని అర్జీ పెట్టినవాళ్లే ర్యాంపు లేని హాలులో సభ ఎలా పెట్టారు? దానికి జవాబు చెప్పు.

మునుగోడు రిటైర్డ్ సార్:
ఆ ర్యాంపు నేనూ చూశాను, అందుకే రాస్తున్నాను. గడప ఎత్తు రెండు అడుగులు. ర్యాంపు పొడవు ఆరు అడుగులు కూడా లేదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అంటే ఇరవై నాలుగు అడుగులు కావాలి. ఇప్పుడున్నది చక్రాల కుర్చీ ఎక్కేది కాదు, బైకులు ఎక్కేది. రోజూ అక్కడ బైకులే పెడుతున్నారు. కింద కొస మోరి మీద ఉన్న బండకు ఆని ఉంది, ఆ బండ ఊగుతుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. పాత ప్రజా భవనాలను కూడా ఐదేళ్లలో మార్చాలని చట్టంలో ఉంది. ఆ గడువు 2022లోనే అయిపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని చెప్పింది. పిల్లలు అర్జీలో ఇవన్నీ సరిగ్గా రాశారు. ఆ మేరకు మెచ్చుకోవాలి.

క్లాక్‌టవర్ వాలంటీర్:
థాంక్యూ సార్. ఇంకో మాట. ఆ హాలుకు మెట్లు పద్దెనిమిది, ఇరవై రెండు కాదు. ఇవాళ పొద్దున వెళ్లి లెక్కపెట్టి వచ్చాను.

ఉదయసముద్రం గట్టు:
బయట వాకిలి దగ్గర నాలుగు మెట్లు ఉన్నాయి. అవి ఎక్కకుండా లోపలికి ఎవరు పోతారు? పద్దెనిమిదీ నాలుగూ ఎంత?

బైక్ మెకానిక్:
అన్నలూ, మెట్ల లెక్క ఆపండి.

ఉదయసముద్రం గట్టు:
ఆపను. ఎందుకో చెప్తాను. మా అమ్మది మర్రిగూడ వైపు ఊరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. యాభై దాటేసరికి నడుము వంగి నేల చూపులే మిగిలాయి. ఎవరైనా మాట్లాడిస్తే మెడ పక్కకు తిప్పి, ఒక కన్నుతో పైకి చూస్తుంది. వైకల్యం శాతం కట్టి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకుపోతే 36 శాతం అని రాశారు. పెన్షన్‌కు 40 ఉండాలి. 2023లో వికలాంగుల పెన్షన్ 3,016 నుంచి 4,016 చేశారని ఊరంతా చెప్పుకుంటుంటే మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే ఇలాగే సేవ చేస్తామని కొందరు వచ్చారు. అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి ఫొటో తీశారు. కొంగు సర్దుకునే టైం కూడా ఇవ్వలేదు. ఆ ఫొటో ఫ్లెక్సీ మీద వేసి క్లాక్ టవర్ దగ్గర కట్టారు. దసరా బట్టలకు బజారుకు వచ్చి అమ్మ దాన్ని చూసింది. ఆటో దిగలేదు, ‘ఇంటికి పోదాం’ అంది. అప్పటి నుంచి నల్గొండ రానంటుంది. కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా రాదు.

క్లాక్‌టవర్ వాలంటీర్:
అన్నా, ఆ ఫ్లెక్సీ మాది కాదు. అప్పటికి మా గ్రూపే లేదు. ఎవరో చేసిన దానికి మమ్మల్ని ఎందుకు నిలబెడుతున్నారు?

ఉదయసముద్రం గట్టు:
మీరు పెట్టిన స్టేటస్ చూశాక అదే గుర్తొచ్చింది. ఆయన్ని అడిగి పెట్టారా?

క్లాక్‌టవర్ వాలంటీర్:
మోసుకెళ్లేముందు అడిగాం.

ఉదయసముద్రం గట్టు:
ఫొటో గురించి అడిగాను.

మునుగోడు రిటైర్డ్ సార్:
ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు, మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. మంచినీళ్ల గోస దేశానికి తెలియాలని మామూలు జనమే నామినేషన్లు వేశారు. పోలింగ్ వాయిదా వేసి, బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఆ గోస పడ్డ మనుషులే తమ పేర్లు ఆ పుస్తకంలో రాయించుకున్నారు. అదే జిల్లాలో ఇప్పుడు మనం బాధితుడి ఫొటో తీసి మన పేరు రాసుకుంటున్నాం. వాలంటీర్ బాబూ, నీ మీద కోపంతో అనడం లేదు. ఆ తేడా ఆలోచించు.

ఇంకో విషయం. చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఫ్లోరోసిస్ అనే పేరు లేదు. కదలికలకు సంబంధించిన వైకల్యం కిందే శాతం కడతారు. నడుము పూర్తిగా వంగిన మనిషికి 36 వస్తే మళ్లీ పరీక్షకు అర్జీ పెట్టాలి. అమ్మగారి కాగితాలు పంపితే నేను రాసిస్తాను.

నైట్‌డ్యూటీ:
నేను దవాఖానలో నర్సును. ఆ సభకు డ్యూటీ దిగి నేరుగా వచ్చాను. ‘మీ సమస్య చీటీ మీద రాసి డబ్బాలో వేయండి’ అన్నారు. నేను వేశాను. చదివినవి పదకొండు. నాది చదవలేదు. చివర్లో మీలో ఒకరు డబ్బాలోంచి నా చీటీ తీసి, చూసి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకోవడం నా కళ్లతో చూశాను. ఇక్కడ మెట్ల గురించి ఇంత రాస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎందుకు చదవలేదు?

క్లాక్‌టవర్ వాలంటీర్:
అక్కా, టైం అయిపోయింది. అన్నీ చదవలేకపోయాం.

నైట్‌డ్యూటీ:
సరే, ఇక్కడే చదువుతాను. ‘నల్గొండలో మూడు నెలలుగా కిరాయి ఇల్లు వెతుకుతున్నాను. తొమ్మిది ఇళ్లు చూశాను. దవాఖానలో ఉద్యోగం అంటే కుర్చీ వేస్తారు. తర్వాత మీరేమోళ్లమ్మా అని అడుగుతారు. చెప్పాక, మా చుట్టాలబ్బాయికి ఇస్తామన్నాం, మరిచిపోయాం అంటారు. వారం తర్వాత కూడా అదే గేటుకు టూ లెట్ బోర్డు ఉంటుంది. దీని మీద మీరు ఏం చేస్తారు?’ ఇంతే రాశాను. ఎవరి పేరూ రాయలేదు.

ఒక ఇంటామె అడ్వాన్సు కూడా తీసుకుంది. రెండో రోజు ఫోన్ చేసి తిరిగి ఇచ్చేసింది. నోట్లు నేను ఇచ్చినవే, నేను పెట్టిన కవర్‌లోనే. లెక్క కూడా పెట్టుకోలేదు.

హైదరాబాద్ రోడ్డు:
ఇల్లు ఎవరికి ఇవ్వాలో ఓనర్ ఇష్టం. దీన్ని మానవ హక్కుల్లో కలపకండి.

క్లాక్‌టవర్ వాలంటీర్:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మేం అన్నీ నెత్తిన వేసుకోలేం. ర్యాంపులు, పెన్షన్లు, సర్టిఫికెట్లు, ఇది మా పని. కులం గొడవలోకి దిగితే ఉన్న పదకొండు మంది కూడా మిగలరు.

నైట్‌డ్యూటీ:
బ్యానర్ మీద ‘అందరూ మనవాళ్లే’ అని రాసింది మీరే కదా తమ్ముడూ.

ఉదయసముద్రం గట్టు:
ఇప్పుడు తెలిసింది. ర్యాంపు కట్టమంటే ఎవరికీ కోపం రాదు. ఆఫీసర్ కూడా నవ్వుతూ అర్జీ తీసుకుంటాడు. కోపం వచ్చే పని మాత్రం మీకు వద్దు.

క్లాక్‌టవర్ వాలంటీర్:
మీరు ఈ ఏడాదిలో ఒక్క సోమవారం వచ్చారా? ఒక్క దరఖాస్తు రాశారా? చందా కూడా రెండుసార్లూ కలిపి మొత్తం వందే ఇచ్చారు. చెప్పు తెచ్చిచ్చానని రాసుకున్నారు. ఆయనను ఎత్తినప్పుడు నా భుజం పట్టేసింది, ఇవాళ్టికీ చెయ్యి లేవడం లేదు. ఎవరి ఇల్లు ఎవరికి ఇవ్వాలో చెప్పడానికి మేమెవరం? హాలు ఇచ్చినాయనకు నాలుగు పోర్షన్లు ఉన్నాయి. మైక్ సెట్ ఇచ్చినాయనకు రెండు. రేపు వాళ్ల గేటు ముందుకు పోయి నినాదాలు ఇవ్వమంటారా?

చర్చ నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా పోకండి. చందాల లెక్కలు ఇక్కడ వద్దు.

నైట్‌డ్యూటీ:
అసలు మాట ఇప్పుడు వచ్చింది. చీటీ జేబులోకి ఎందుకు పోయిందో తెలిసింది.

మూడు చక్రాలు:
మోసుకెళ్లింది నన్నే. రెండు రోజులుగా చదువుతున్నాను.

ఎత్తుకెళ్లడం నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి బస్సు ఎక్కాలంటే ఎవరో ఒకరు ఎత్తాల్సిందే. ఆ పిల్లలు అడిగే ఎత్తారు, జాగ్రత్తగానే ఎత్తారు. ఫొటో మాత్రం అడగలేదు. నా కూతురి స్నేహితురాలు చూసి ‘మీ నాన్నా?’ అని అడిగిందట. అది నాకు నచ్చలేదు.

నాకు బాధైంది ఇంకోచోట. శాలువా కప్పారు, దండ వేశారు. మాట్లాడతారా అని ఎవరూ అడగలేదు. నాకు మైక్ అక్కర్లేదని ఎలా అనుకున్నారు? రాత్రంతా కూర్చుని అర పేజీ రాసుకుని వచ్చాను. బస్టాండ్ దగ్గర మూత్రశాల తలుపు వెడల్పు గురించి. నా బండి లోపలికి పోదు. అందుకని నేను ఊరికి పోయే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగను. ఎండాకాలం కూడా. ఆ కాగితం ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది.

నర్సమ్మా, నాకూ ఇల్లు దొరకడానికి ఏడాది పట్టింది. ‘గచ్చు మీద చక్రాల గీతలు పడతాయి’ అన్నారు. అది మొదటి కారణం. రెండో కారణం నీకు చెప్పిందే.

క్లాక్‌టవర్ వాలంటీర్:
అన్నా, మన్నించండి. ఫొటో తీసేశాను. మిగతావాళ్లకూ తీసేయమని చెప్పాను.

అక్కా, మీ చీటీ జేబులో పెట్టుకున్నది నేనే. టైం అయిపోయిందని అబద్ధం చెప్పాను. హాలు ఓనర్ ముందు వరుసలో కూర్చున్నాడు. చదివితే మళ్లీ హాలు ఇవ్వడని భయపడ్డాను. మా ఇంటి పైపోర్షన్ కూడా కిరాయికే. అడిగే మాట మా అమ్మ కూడా అడుగుతుంది. నేను పక్కనే ఉంటాను, ఏమీ అనను.

హైదరాబాద్ రోడ్డు:
నేను సూటిగా చెప్తాను. నాకు రెండు పోర్షన్లు ఉన్నాయి. ఇరవై ఏళ్లు లోన్ కట్టి వేసుకున్న ఇల్లు. ఒకాయన నాలుగు నెలల కిరాయి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను వేసుకుని పోయాడు. నా పిల్లలు ఉంటారు, నా వంటిల్లు పక్కనే ఉంటుంది. ఎవరిని పెట్టుకోవాలో నేనే చూసుకుంటాను. బడిలో, బస్సులో, ఆఫీసులో అందరూ సమానం, ఒప్పుకుంటాను. నా గడప లోపల నా ఇష్టం. మీరు ఈ గొడవ మొదలుపెడితే నా చందా ఉండదు.

నైట్‌డ్యూటీ:
కిరాయి ఎగ్గొట్టినాయనది ఏ కులం సార్?

హైదరాబాద్ రోడ్డు:
మా వాడే. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

మునుగోడు రిటైర్డ్ సార్:
సంబంధం ఉంది. ఎగ్గొట్టేవాడిని ఆపాలంటే ఉద్యోగం అడగండి, అడ్వాన్సు అడగండి, అగ్రిమెంట్ రాయించండి. కులం అడిగితే ఏం తెలుస్తుంది?

చట్టం గడప దగ్గర ఆగిపోతుందని అనుకోకండి. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం, అంటరానితనం పేరుతో ఇంట్లో నివసించకుండా అడ్డు పెట్టడాన్ని కూడా నేరమే అంటుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం 2019లో వచ్చిన చట్టంలో అయితే ఇల్లు అద్దెకు తీసుకునే హక్కు అని విడిగానే రాశారు. ‘చుట్టాలబ్బాయికి ఇచ్చేశాం’ అంటే రుజువు చేయడం కష్టం, అది నిజమే. ప్రతి నెల 30న ఊళ్లలో పౌర హక్కుల దినం జరుపుతారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేనూ పోయేవాడిని. దేవాలయం, బావి, హోటల్ గ్లాసుల గురించి మాట్లాడి సంతకాలు పెట్టేవాళ్లం. కిరాయి ఇంటి గురించి ఒక్కసారి కూడా నేను ఎత్తలేదు. అప్పుడు నేనూ ఇంటి ఓనర్‌నే.

హైదరాబాద్ రోడ్డు:
సరే సార్. నా పేరు చందాల్లోంచి తీసేయండి.

క్లాక్‌టవర్ వాలంటీర్:
తీసేశాను. హాలు ఓనర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. హాలు ఇక ఇవ్వనన్నాడు. ఆదివారం మళ్లీ కూర్చుందాం. మొదట మూడు చక్రాల అన్న అర పేజీ, ఆయనే చదువుతారు. తర్వాత అక్క చీటీ. ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఇంకా తెలియదు.

ఉదయసముద్రం గట్టు:
నేను వస్తాను. అమ్మను కూడా అడిగి చూస్తాను.

బైక్ మెకానిక్:
ఆదివారం నా షాపు బంద్. ముందు జాగా సాఫుగానే ఉంది, ఒక్క మెట్టు కూడా లేదు. నేల మీద ఆయిల్ ఉంటుంది, శనివారం రాత్రి రంపపు పొట్టు పోసి ఊడుస్తాను. మైక్ మా బావమర్ది దగ్గర ఉంది. అక్కా, నా షాపు వెనక ఒక గది ఖాళీగా ఉంది. చిన్నది, బాత్రూం బయట ఉంది. చూసుకుని నచ్చితే చెప్పండి.

నైట్‌డ్యూటీ:
బుధవారం డ్యూటీ దిగాక వచ్చి చూస్తాను తమ్ముడూ. కిరాయి ఎంతో ముందే చెప్పు, తగ్గించొద్దు.